బయోడీజిల్, గ్రీన్ డీజిల్, బంకు డీజిల్: స్కూలు బస్సుల్లో ఏది పోయవచ్చు?

కొంపల్లి వైపు ఒక పాఠశాలకు ఎనిమిది బస్సులు నడుపుతున్నామని, వాటిలో ఐదు 2018 నాటి బీఎస్-4 బండ్లు, మూడు కొత్త బీఎస్-6 బండ్లు (బీఎస్ అంటే భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) అని, ఆవరణలో 82.5 కేవీఏ జనరేటరు కూడా ఉందని మీరు రాశారు. ఒక వ్యాపారి డ్రమ్ముల్లో బయోడీజిల్ తెచ్చి లీటరు 80 రూపాయలకు మీ దగ్గరికే వచ్చి పోస్తానంటున్నాడని, అది మామూలు డీజిల్‌తో సమానమేనా అని, ఈ మధ్య వినిపిస్తున్న గ్రీన్ డీజిల్ కూడా అదేనా అని మీ ప్రశ్న. నేను బాలానగర్‌లో డీజిల్ పంపులు, ఇంధనాన్ని సిలిండరులోకి చిమ్మే ఇంజెక్టర్లు బాగుచేసే వర్క్‌షాపులో ఇరవై ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంధనం తేడా చేసిన బండి చివరికి చేరేది మా టెస్ట్ బెంచ్ దగ్గరికే కాబట్టి, మీకు కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

ముందు సూటిగా చెబుతాను. మీ మూడు బీఎస్-6 బస్సుల్లో బంకు డీజిల్ తప్ప మరేదీ పోయవద్దు. బీఎస్-4 బస్సుల్లోనూ జనరేటరులోనూ నాణ్యమైన బయోడీజిల్‌ను నూటికి ఇరవై పాళ్లు మించకుండా కలపవచ్చు; అది కూడా ఇంజను తయారుచేసినవారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. ఆ వ్యాపారి డ్రమ్ములో ఉన్నది నిజంగా బయోడీజిలేనని ప్రయోగశాల కాగితంతో రుజువయ్యే వరకు ఒక్క లీటరు కూడా తీసుకోవద్దు. ఇక గ్రీన్ డీజిల్ అనేది బయోడీజిల్ కాదు. రెండూ నూనెల నుంచే వస్తాయి గాని రసాయనికంగా పూర్తిగా వేరు. అది ఇంజనుకు చాలా మంచి ఇంధనమే, కాని మన హైదరాబాద్ బంకుల్లో దొరకదు.

కారణాలు చెప్పే ముందు అసలు డీజిల్ గురించి నాలుగు మాటలు అవసరం. బంకులో మనం పోయించుకునేది హైస్పీడ్ డీజిల్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించకూడదు. బీఎస్-4 కాలంలో అది 50, అంతకు ముందు బీఎస్-3లో 350 ఉండేది. ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలి. బాయిలర్లకు, నెమ్మదిగా తిరిగే పాత ఇంజన్లకు వాడే లైట్ డీజిల్ ఆయిల్ వేరే సరుకు, దాన్ని బస్సులో పోయడం అంటే పంపును చేతులారా పాడుచేసుకోవడమే. లద్దాఖ్ వంటి చోట్లకు ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చిన శీతాకాలపు రకం సున్నా కింద 33 డిగ్రీల వరకు గడ్డకట్టదు. మనకు దాని అవసరం లేదు. బంకుల్లో రెండు మూడు రూపాయలు ఎక్కువ పెట్టి అమ్మే ప్రీమియం డీజిల్‌లో ప్రధానంగా ఉండేది ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే రసాయనాలు. మంచిదే, కాని మీ బస్సులకు తప్పనిసరి ఏమీ కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. గంధకాన్ని హైడ్రోజన్‌తో తీసేసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం కూడా పోతుంది. మన పంపుల్లో చాలావాటికి వేరే ఆయిల్ ఉండదు, లోపలి భాగాలను తడిపి కాపాడేది ఆ డీజిలే. అందుకే రిఫైనరీలు మళ్లీ దానికి జారుడు గుణం ఇచ్చే పదార్థం కలుపుతాయి. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిపినా అదే పని చక్కగా జరుగుతుంది. మన బీఎస్-6 డీజిల్ ప్రమాణం ఏడు శాతం వరకు బయోడీజిల్‌ను అనుమతిస్తుంది. అంటే బయోడీజిల్ అంటేనే ఇంజనుకు విషం అని కొందరు మెకానిక్‌లు చెప్పే మాట తప్పు. సమస్య పదార్థానిది కాదు, దాని మోతాదుది, నాణ్యతది.

బయోడీజిల్ అంటే ఏమిటి? నూరు కిలోల నూనెకు సుమారు పది కిలోల మిథనాల్, కొద్దిగా క్షారం చేర్చి వేడి చేస్తే సుమారు నూరు కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. నూనె ఏదైనా కావచ్చు: కానుగ, పామాయిల్ శుద్ధిలో మిగిలే స్టీరిన్, జంతువుల కొవ్వు, హోటళ్లలో వేయించి మిగిలిన నూనె. ఈ చర్య వల్ల నూనె చిక్కదనం దాదాపు పదో వంతుకు తగ్గుతుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిన మాట వాస్తవమే. దాన్ని చూపించి, మిర్చి బజ్జీల మూకుడులో మిగిలిన నూనె వడగట్టి పోస్తే సరిపోదా అని నన్ను అడిగినవారు చాలామంది ఉన్నారు. సరిపోదు. ఈ చర్య జరపని నూనె ఇంజెక్టరు రంధ్రాల్లోంచి మంచుపొగలా చిమ్మదు, చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కలు పూర్తిగా కాలక నాజిల్ మొన మీద నల్లటి బొగ్గు పువ్వులా పేరుకుంటాయి. అటువంటి నాజిళ్లను నేను వైర్ బ్రష్‌తో గీకి చూశాను. బొగ్గు ఊడింది గాని లోపలి రంధ్రాలు తెరుచుకోలేదు, మార్చక తప్పలేదు.

బయోడీజిల్‌కు మొదటి బలహీనత చలి. ఒక జనవరి నెలలో శామీర్‌పేట దగ్గర నిలిపి ఉంచే నాలుగు బస్సులు తెల్లవారుజామున ఐదు గంటలకు మొదలై, కిలోమీటరు వెళ్లేలోగా ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. యజమాని పంపులు పోయాయనుకుని నన్ను పిలిపించారు. ఒక ఫిల్టరును కోసి చూశాను. కాగితం మడతల మధ్య గడ్డకట్టిన డాల్డా వంటి తెల్లటి పదార్థం నిండి ఉంది. కొంచెం తీసి గుప్పిట్లో పట్టుకుంటే అర నిమిషంలో కరిగి వేళ్ల సందుల్లోంచి కారింది. పామ్ స్టీరిన్‌తో చేసిన బయోడీజిల్‌ను వారు దాదాపు సగానికి సగం కలిపి పోశారు. ఎండాకాలంలో అదే మిశ్రమం ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది కాబట్టి వారికి అనుమానమే రాలేదు. మన నగర శివార్లలో జనవరి తెల్లవారుజామున పది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. పామ్ స్టీరిన్ సరుకు అంతకంటే ముందే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. స్కూలు బస్సులు బయలుదేరేది సరిగ్గా ఆ వేళలోనే అని మీరు గుర్తుంచుకోవాలి.

రెండవది, అది మంచి కడిగే ద్రవం. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మట్టిని, జిగురును కరిగించి ఫిల్టరు దాకా మోసుకొస్తుంది. అందుకే పాత బండిలో మొదటిసారి పోసినప్పుడు ఫిల్టర్లు త్వరత్వరగా మూసుకుపోతాయి. రెండు సార్లు మార్చితే తగ్గిపోతుంది, దానికి కంగారు పడనక్కరలేదు. పాత రకం రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడటం మాత్రం పట్టించుకోవాల్సిన విషయమే. ట్యాంకులోగాని లైన్లోగాని రాగి, ఇత్తడి, జింకు పూత ఉంటే బయోడీజిల్ త్వరగా చెడుతుంది. పైగా అది గాలిలోని తేమను డీజిల్ కంటే ఎక్కువగా పట్టుకుంటుంది. తేమ చేరిన చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, ట్యాంకు అడుగున గోధుమ రంగు నాచులాగా కనిపించేది అదే.

బీఎస్-6 బస్సుల్లో ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. వాటి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని కాల్చడానికి చాలా ఇంజన్లు పిస్టన్ కిందికి దిగుతున్న సమయంలో ఆలస్యంగా మరికొంత ఇంధనాన్ని సిలిండరులోకి చిమ్ముతాయి. అందులో కొంత సిలిండరు గోడ వెంబడి జారి ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. మామూలు డీజిల్ అయితే ఇంజను వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కాబట్టి అది ఆయిల్‌లోనే ఉండిపోతుంది. గత ఏడాది మా దగ్గరికి వచ్చిన ఒక బీఎస్-6 బస్సు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీతను దాటి అర అంగుళం పైకి ఉంది. ఆయిల్ తగ్గకుండా పెరుగుతోందని డ్రైవరు సంతోషించాడట. రెండు వేళ్ల మధ్య రుద్దితే ఆ ఆయిల్ నీళ్లలా జారిపోయింది. అప్పటికే బేరింగుల మీద గీతలు పడ్డాయి. దీనికి తోడు, సరిగా కడగని బయోడీజిల్‌లో మిగిలిపోయే సోడియం, పొటాషియం వంటివి కాలి బూడిదై ఆ మసి ఫిల్టరులో శాశ్వతంగా ఉండిపోతాయి. మసిని కాల్చవచ్చు, బూడిదను కాల్చలేము. పైగా ఈ కొత్త ఇంజన్లలో ఉండే, అధిక పీడనంతో పనిచేసే కామన్ రైల్ ఇంజెక్టరులో భాగాల మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. అక్కడ కొద్దిపాటి జిగురు కూడా సూదిని బిగించేస్తుంది.

మంచి అనుభవం కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు ఏకపక్షం అవుతుంది. జీడిమెట్లలోని ఒక చిన్న కర్మాగారం తన జనరేటరులో వాడిన వంటనూనెతో తయారైన బయోడీజిల్‌ను ఇరవై శాతం కలిపి మూడేళ్లు నడిపింది. ప్రతి లోడుకు పరీక్ష నివేదిక తీసుకునేవారు, మొదటి నెలలో రెండు ఫిల్టర్లు మార్చారు, పైపులు మార్చారు. మూడేళ్ల తరువాత ఇంజెక్టర్లు విప్పి బెంచ్ మీద పెడితే చిమ్ము చక్కగా, సమంగా ఉంది. పొగ కూడా ముందుకంటే తగ్గిందని వారే చెప్పారు. తరువాత లాక్‌డౌన్ వచ్చి ఆ జనరేటరు ఎనిమిది నెలలు కదలలేదు. ట్యాంకు నిండా అదే మిశ్రమం ఉండిపోయింది. తిరిగి మొదలుపెట్టబోతే పంపు ర్యాక్, అంటే ఇంధనం మోతాదును మార్చే కడ్డీ, బిగుసుకుపోయింది. విప్పితే లోపల వార్నిష్ పూసినట్టు పసుపు జిగురు. కాబట్టి మీ జనరేటరులో కరెంటు పోయినప్పుడు మాత్రమే, నెలకు రెండు మూడు గంటలు నడిచే పరిస్థితి ఉంటే అందులో బయోడీజిల్ అసలు వద్దు. రోజూ నడిచే ఇంజనుకే అది తగిన ఇంధనం. కలిపిన సరుకును మూడు నెలలకు మించి నిల్వ ఉంచకూడదన్నది నేను పాటించే లెక్క.

ఇప్పుడు గ్రీన్ డీజిల్ సంగతి. దీన్నే రెన్యూవబుల్ డీజిల్ అని, హెచ్‌వీఓ అని కూడా అంటారు. ఇందులో నూనెను మిథనాల్‌తో కాకుండా అధిక పీడనంలో, మూడు వందల డిగ్రీల పైచిలుకు వేడిలో హైడ్రోజన్‌తో చర్య జరుపుతారు. నూనెలోని ఆక్సిజన్ నీరుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ బయటికి పోయి, స్వచ్ఛమైన హైడ్రోకార్బన్లు మిగులుతాయి. అంటే చివరికి వచ్చేది రిఫైనరీ డీజిల్‌లో ఉండే పదార్థమే, మూలం మాత్రం నూనె. బయోడీజిల్ బరువులో సుమారు 11 శాతం ఆక్సిజన్ ఉంటుంది, గ్రీన్ డీజిల్‌లో ఉండదు. నిల్వలో చెడకపోవడానికి, జిగురు కట్టకపోవడానికి అదే కారణం. దాని సీటేన్ సంఖ్య 70 దాటుతుంది. మంచి డీజిల్ కంటే చాలా ఎక్కువ. ఫిన్లాండ్‌కు చెందిన నెస్టే సంస్థ 2007లో పోర్వూలో, 2010లో సింగపూర్‌లో దీన్ని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఐరోపాలో దీనికి వేరే ప్రమాణమే ఉంది, అనేక లారీ కంపెనీలు నూటికి నూరు పాళ్లు వాడుకోవచ్చని ఒప్పుకున్నాయి. లోపాలు లేవని కాదు: తేలిక కాబట్టి లీటరుకు నాలుగు శాతం దాకా శక్తి తక్కువ, జారుడు గుణం కోసం రసాయనం కలపాలి, చాలా పాత ఇంజన్లలో రబ్బరు సీళ్లు కాస్త ముడుచుకుని కారడం మొదలవుతుంది.

మరి మనకు ఎందుకు రావడం లేదు? ఇదే పద్ధతిని కొంచెం మార్చితే విమాన ఇంధనం వస్తుంది. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ అడవి ఆముదం నూనెతో చేసిన ఇంధనాన్ని కలుపుకుని ఎగిరింది. అంతర్జాతీయ విమానాల్లో 2027 నాటికి ఒక శాతం, 2028 నాటికి రెండు శాతం ఇటువంటి ఇంధనం కలపాలని మన కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. విమానాలకు వేరే దారి లేదు కాబట్టి దొరికే వాడిన నూనెకు వారు ఎక్కువ ధర పెట్టగలరు. ఆ పోటీలో బస్సులకు గ్రీన్ డీజిల్ చౌకగా రావడం నాకు దగ్గరలో కనిపించడం లేదు. ఇది నా అంచనా.

అసలు ఇబ్బంది అంతా నూనె దగ్గరే ఉంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో ఐదు శాతం బయోడీజిల్ కలపాలని చెప్పింది. అడవి ఆముదంతో బంజర్లన్నీ పచ్చబడతాయని రెండు దశాబ్దాల కిందట ఎంతో ప్రచారం జరిగింది. నీరు, ఎరువు లేని నేలలో ఆ మొక్క బతికింది గాని కాయలు అనుకున్నంతగా ఇవ్వలేదు. కానుగ మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది. రోడ్ల పక్కన, గట్ల మీద దానంతట అది పెరిగే చెట్టు, దాని నూనె తినడానికి పనికిరాదు కాబట్టి వంటింటితో పోటీ లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో మహిళా సంఘాలు కానుగ గింజలతో నూనె ఆడించి, తగ్గించిన కర్బన ఉద్గారాలకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి డబ్బు తీసుకున్నాయి. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారికి తోడ్పడింది. కాని గింజలు ఏరి, ఎండబెట్టి, చేర్చే కూలి ఖర్చుతో అది డీజిల్ ధరకు గిట్టాలంటే కష్టమే. మిగిలినది వాడిన వంటనూనె. పదేపదే కాచినప్పుడు పుట్టే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను మళ్లీ వంటకు వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. ఇంతమంది తినే మన నగరంలో ఆ నూనె తిరిగి ఏ చిన్న బండి మూకుడులోకో చేరకుండా బయోడీజిల్ కర్మాగారానికి చేరితే ఆరోగ్యానికీ మేలే, అందుకే ఈ పని సక్రమంగా చేసేవారిని నేను గౌరవిస్తాను.

మీ వ్యాపారి సరుకు మీద నా అనుమానం. డీజిల్ మీద కేంద్ర ఎక్సైజు ఉంటుంది, దాని మీద తెలంగాణలో 27 శాతం వ్యాట్ ఉంటుంది. ఆ పన్నులు లేని ఏదో ఒక ఖనిజ నూనెను, పరిశ్రమలకు అమ్మే బేస్ ఆయిల్ వంటిదాన్ని, బయోడీజిల్ అనే పేరుతో ట్యాంకుల్లో పోయడం దేశంలో చాలా చోట్ల బయటపడింది. నాకు తెలిసిన ఒక డీసీఎం యజమాని అలా కొన్న సరుకుతో రెండు నెలల్లో పంపు, నాలుగు ఇంజెక్టర్లు పోగొట్టుకున్నాడు. బయోడీజిల్ అమ్మకానికి 2019లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. అమ్మేవారికి నమోదు ఉండాలి. ఆ పత్రం, జీఎస్‌టీ బిల్లు, ఆ లోడుకే సంబంధించిన పరీక్ష నివేదిక, ఈ మూడూ అడగండి. నివేదికలో బీ100కు, అంటే ఏమీ కలపని బయోడీజిల్‌కు, ఐఎస్ 15607, కలిపిన సరుకుకు ఐఎస్ 16531 అని ప్రమాణం సంఖ్య రాసి ఉండాలి.

కాగితాలు వచ్చినా మీ కళ్లతో ఒక పరీక్ష చేసుకోవచ్చు. మూత ఉన్న గాజు సీసాలో 27 మిల్లీలీటర్ల మిథనాల్ పోసి, దానికి ఆ సరుకు 3 మిల్లీలీటర్లు చేర్చి బాగా కుదిపి పది నిమిషాలు ఉంచండి. మంచి బయోడీజిల్ పూర్తిగా కరిగి సీసా అంతా స్వచ్ఛంగా కనిపిస్తుంది. అడుగున నూనె బొట్టులా దిగితే చర్య పూర్తి కాని నూనె మిగిలి ఉందని అర్థం. మొత్తంగా విడిపోయి నిలిస్తే అది ఖనిజ నూనె. మిథనాల్ విషం, త్వరగా అంటుకుంటుంది కూడా. ఆరుబయట, చేతికి గ్లవుజులు వేసుకుని మాత్రమే చేయండి. సాంద్రత కూడా చూడండి: 15 డిగ్రీల లెక్కలో బయోడీజిల్ లీటరు 860 నుంచి 900 గ్రాములు తూగుతుంది, బంకు డీజిల్ దాదాపు 820 నుంచి 845 మధ్య ఉంటుంది. సాంద్రత ఒక్కటే చూసి నమ్మవద్దు, ఎందుకంటే కొన్ని ఖనిజ నూనెలు కూడా ఆ అంకెకు వస్తాయి.

చివరగా మీ లెక్క. బయోడీజిల్‌లో లీటరుకు శక్తి సుమారు ఎనిమిది శాతం తక్కువ. బంకు డీజిల్ 95 రూపాయలు, ఆ సరుకు 80 రూపాయలు అనుకుందాం. వంద లీటర్ల మిశ్రమంలో ఇరవై లీటర్లు అది ఉంటే మీకు మిగిలేది 300 రూపాయలు. శక్తి తగ్గినందువల్ల ఎక్కువ కాలే లీటరున్నర పైచిలుకు డీజిల్‌కు దాదాపు 150 రూపాయలు అందులోంచి పోతాయి. అంటే నిజంగా మిగిలేది లీటరుకు రూపాయిన్నర. అదనపు ఫిల్టర్ల ఖర్చు ఇంకా తీయలేదు. వ్యాపారి చెప్పే పదిహేను రూపాయల లాభం నూరు పాళ్లూ అదే పోస్తేనే వస్తుంది, అప్పుడు కూడా శక్తి తగ్గడం పోను మిగిలేది ఎనిమిది రూపాయలకు దగ్గర. మీ ఇంజన్లకు నూరు పాళ్లు పనికిరాదు.

ఇప్పటికే అతని దగ్గర కొంత తీసుకుని ఏదైనా బస్సులో పోసి ఉంటే ఆ బస్సును ఇక నడపవద్దు. ట్యాంకు ఖాళీ చేయించి, అడుగు శుభ్రం చేయించి, రెండు ఫిల్టర్లూ మార్చి, బంకు డీజిల్‌తో నింపండి. అది బీఎస్-6 బస్సు అయితే ఇంజను ఆయిల్ కూడా మార్చించండి. తీసిన సరుకులో ఒక లీటరు శుభ్రమైన అల్యూమినియం సీసాలో పోసి, మూత బిగించి, తేదీ, బండి నంబరు రాసి ఎండ తగలని చోట దాచండి. రేపు పంపు మొరాయించి వారంటీ దగ్గర మాట వస్తే పరీక్షకు పంపడానికి ఆ సీసా మీకు అవసరమవుతుంది.